పసికందు చిగురు మీద బుడిపె: ముందు చూడాల్సినవి ఊపిరి, పాలు

పుట్టిన బిడ్డ తొలిసారి నోరంతా తెరిచి ఏడ్చినప్పుడు పై చిగురు ముందు భాగంలో గులాబీ రంగు బుడిపె ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. నున్నగా, మెరుస్తూ ఉంటుంది. చూసినవాళ్లు ఒక్క క్షణం మాట మరుస్తారు, ఆ తర్వాత మాటలు ఆగవు. గ్రహణం రోజు బయట తిరిగిందని ఒకరంటారు. కడుపుతో ఉన్నప్పుడు తినకూడనిదేదో తిన్నదని మరొకరంటారు. నల్గొండ జిల్లా అయితే ‘మన ఫ్లోరైడ్ నీళ్ల వల్లే’ అనేవాళ్లూ ఉంటారు. క్యాన్సర్ అనే మాటను పైకి అనకపోయినా అందరి మనసుల్లో మెదిలేది అదే. కాన్పు నొప్పులు ఇంకా తగ్గని బాలింత ఇవన్నీ మంచం మీద పడుకుని వింటూ ఉంటుంది.

ఆమెకు ముందుగా తెలియాల్సిన విషయం ఒకటుంది. నవజాత శిశువు నోట్లో కనిపించే బుడిపెల్లో అత్యధికం అపాయం లేనివే. వాటిలో చాలా వరకు ఏ చికిత్సా లేకుండానే పోతాయి. తీయాల్సి వచ్చిన వాటిలోనూ ఎక్కువ భాగం ఒక్క చిన్న ఆపరేషన్‌తో సరిపోతాయి. అయితే అపాయం లేని గడ్డ కూడా తప్పుడు చోట ఉంటే బిడ్డకు ఇబ్బంది తెచ్చిపెడుతుంది. అందుకే గడ్డ పేరేమిటో తేలకముందే రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. బిడ్డ హాయిగా ఊపిరి తీసుకుంటోందా? పాలు మింగగలుగుతోందా? ఈ రెండింటికీ అవునని చెప్పగలిగితే తొందర లేదు, నింపాదిగా ఆలోచించుకోవచ్చు. దేనికైనా కాదని వస్తే ఆ గంటలోనే కదలాలి.

ఈ బుడిపెలు ఎక్కడివో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. గర్భంలో ఆరో వారం నాటికే దవడల అంచు వెంట పళ్లకు మూలమైన కణాల పట్టీ ఒకటి ఏర్పడుతుంది. పాలపళ్ల మొగ్గలన్నీ దానినుంచే వస్తాయి. అంగిలి రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి దాదాపు పన్నెండో వారానికి మధ్యలో అతుక్కుంటుంది. పని పూర్తయ్యాక ఆ పట్టీ ముక్కలై కరిగిపోవాలి, అతుకు దగ్గర చిక్కుకున్న కణాలు మాయం కావాలి. కొన్ని మాత్రం అక్కడే మిగిలిపోయి చిన్న తిత్తులవుతాయి. అంగిలి మధ్య గీత వెంట తెల్లగా, 1 నుంచి 3 మిల్లీమీటర్ల పరిమాణంలో కనిపించే గింజలు ఇలా వచ్చినవే. ప్రాగ్ నగరపు పిల్లల వైద్యుడు ఆలోయిస్ ఎప్‌స్టీన్ 1880లో వీటిని వర్ణించాడు కాబట్టి వీటికి ఎప్‌స్టీన్ ముత్యాలని పేరు వచ్చింది. చిగురు పక్కలన కనిపించేవాటిని బోన్ బుడిపెలంటారు. చిగురు అంచు మీదే వచ్చేవి పళ్ల పట్టీ తాలూకు తిత్తులు. పేర్లు వేరైనా తల్లిదండ్రులు చేయాల్సింది ఒకటే. వాటి జోలికి పోకుండా ఉండటం. సగానికి పైగా నవజాత శిశువుల నోళ్లలో ఇలాంటి ముత్యాలు ఉంటాయి, కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో వాటంతట అవే రాలిపోతాయి.

ఇంత మామూలు విషయంలోనూ మన ఇళ్లలో చేతులు ఊరుకోవు. ‘పన్ను వస్తోంది’ అని గోటితో గీకుతారు, ఉప్పు అద్ది రుద్దుతారు, వెలిగారం పొంగించి తేనెలో రంగరించి నోరంతా పూస్తారు. గోటి గీతతో పసి చిగురుకు చీము పట్టవచ్చు. వెలిగారం పసిబిడ్డ ఒంట్లో చేరితే విషమై ఫిట్స్ కూడా వస్తాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వకూడదు, అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేలా చేయగలవు. ఏ హానీ చేయని ముత్యం కోసం బిడ్డకు ఇంత హాని చేయడం చూస్తే మనసు తరుక్కుపోతుంది. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, నిజమే. అయినా ఆపాల్సిందే.

తెల్లగా కనిపించేదంతా ముత్యమూ కాదు. పుట్టిన వారం తర్వాత నాలుక మీద, బుగ్గల లోపల పాల విరుగుడులా తెల్లని పూత పడితే అది ఫంగస్ వల్ల వచ్చే నోటిపూత. దానికి మందు ఉంది, డాక్టర్ చుక్కలు రాసిస్తారు.

ఇక మొదట చెప్పిన గులాబీ బుడిపె సంగతి. దానిని పుట్టుకతో వచ్చే ఎప్యులిస్ అంటారు. వైద్య పత్రికల్లో ఇప్పటివరకు నమోదైనవి కొన్ని వందల కేసులే. 1871లో దీన్ని మొదట వర్ణించింది ఎర్నెస్ట్ నాయ్‌మన్ అనే జర్మన్ రోగ నిర్ధారణ శాస్త్రవేత్త. రక్తం ఎముక మజ్జలో తయారవుతుందని అంతకు మూడేళ్ల ముందు లోకానికి చెప్పినవాడు కూడా ఆయనే. అంతటివాడు ఒక పసికందు చిగురు మీది బుడిపెను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఓపికగా చూశాడన్న సంగతి నాకు చాలా ఇష్టం.

ఆయన చూసినది ఈనాటికీ నిర్ధారణకు ఆధారం. గుండ్రని పెద్ద కణాలు, వాటి నిండా సన్నని రవ్వ లాంటి రేణువులు. పెద్దల నాలుక మీద కూడా ఇలాంటి రేణువుల కణాలతో ఒక గడ్డ వస్తుంది. సూక్ష్మదర్శిని కింద రెండూ ఒకేలా ఉన్నా పుట్టుక వేరు. పెద్దల గడ్డ నరాల తొడుగు కణాల నుంచి వస్తుంది కాబట్టి ఎస్-100 అనే ప్రొటీన్ రంగును పట్టుకుంటుంది, పసివాళ్లది పట్టుకోదు. రిపోర్టులో ‘ఎస్-100 నెగెటివ్’ అని కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఎప్యులిస్ అయితే అలాగే ఉండాలి.

చూపుకు దొరికే గుర్తులు కూడా కొన్ని ఉన్నాయి. ఇది పై చిగురు మీద ఎక్కువగా, కింది చిగురు మీద తక్కువగా వస్తుంది. ముందు పళ్లు, కోరపళ్లు రావాల్సిన చోట పుడుతుంది. తొడుగు వేసుకున్న వేలితో డాక్టర్ బుడిపెను మెల్లగా పైకెత్తి దాని మొదలు చూస్తారు. చాలాసార్లు అక్కడ సన్నని కాడ ఒకటి కనిపిస్తుంది. పైన ఎంత పెద్దగా వేలాడుతున్నా చిగురుకు అంటుకున్న మేర అంతే. కొందరిలో మొదలు వెడల్పుగా ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్ల నుంచి ద్రాక్షపండంత వరకు ఉండేవి ఎక్కువ. అరుదుగా పిడికెడు పెరిగి పెదవుల బయటికి పొడుచుకొస్తాయి, అప్పుడు బిడ్డ నోరు మూయలేదు. పదింట ఒకరికి ఒకటికన్నా ఎక్కువ బుడిపెలు ఉంటాయి.

ఇది మగపిల్లల్లో కన్నా ఆడపిల్లల్లో ఎనిమిది నుంచి పది రెట్లు ఎక్కువ. తల్లి హార్మోన్ల ప్రభావం వల్లనేమోనని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. బుడిపె గర్భం చివరి నెలల్లో పెరిగి, బిడ్డ పుట్టి తల్లి హార్మోన్లు అందడం ఆగిపోగానే పెరగడం మానేస్తుంది కాబట్టి ఆ ఊహకు బలం ఉన్నట్టే కనిపించింది. కానీ పరీక్షించిన గడ్డల్లో ఆ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు కనిపించలేదు. కారణం ఇంకా తేలలేదు. తల్లి తిండి, పని, గ్రహణం కారణమని చూపే ఆధారం మాత్రం ఒక్కటీ లేదు.

ఆడపిల్లల్లో ఎక్కువ అన్న ఈ సంగతి దక్షిణ తెలంగాణలో ఊరికే చదివి వదిలేసేది కాదు. నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతం ఒకప్పుడు ఆడశిశువుల అమ్మకాల వార్తలతో పత్రికలకెక్కింది. కాలం మారింది, మనుషులూ మారారు. అయినా రెండో కాన్పులోనో మూడో కాన్పులోనో ఆడపిల్ల పుట్టి, ఆ పిల్ల నోట్లో గడ్డ ఉంటే, ‘దీనికి ఇప్పుడు హైదరాబాదు ఖర్చా’ అన్న మాట ఏదో ఒక మూల నుంచి వినిపిస్తూనే ఉంది. ఆ మాట అనేవారికి చెప్పాల్సింది సూటిగానే చెప్పాలి. ఇది జీవితాంతం వెంటాడే జబ్బు కాదు, ముఖం మీద మచ్చ మిగిల్చేది కాదు. తీసేశాక మళ్లీ వచ్చినట్టు గాని, క్యాన్సర్‌గా మారినట్టు గాని నమోదు కాలేదు. తీసేటప్పుడు మొదలు దగ్గర కాస్త మిగిలిపోయినా అది కూడా తగ్గిపోతుంది.

తల్లిదండ్రులు అడిగే మరో ప్రశ్న: ‘టిఫా స్కాన్ చేయించాం కదా, అందులో ఎందుకు కనబడలేదు?’ డాక్టర్ నిర్లక్ష్యం చేశారని కోపం కూడా వస్తుంది. గర్భంలోని బిడ్డ అవయవాలన్నీ చూసే ఈ టిఫా స్కాన్ చేసేది 18 నుంచి 22 వారాల మధ్య. ఎప్యులిస్ సాధారణంగా గర్భం చివరి మూడు నెలల్లో పెరుగుతుంది. లేని గడ్డను స్కాన్ చూపలేదు. ఎనిమిదో నెలలోనో తొమ్మిదో నెలలోనో మళ్లీ స్కాన్ చేస్తే, అప్పుడు బిడ్డ ముఖం స్కాన్‌కు సరిగ్గా దొరికితే కనిపించే అవకాశం ఉంది. గడ్డ పెద్దదైతే బిడ్డ ఉమ్మనీరు మింగలేక ఆ నీరు ఎక్కువవుతుంది. ‘ఉమ్మనీరు ఎక్కువగా ఉంది’ అన్న మాట వింటే నోరు, గొంతు, ఆహారనాళం కూడా ఒకసారి చూడమని అడగడం మంచిది. పనుల కోసం పాలమూరు వదిలి ముంబై, పుణె వైపు వెళ్లే కుటుంబాల్లో ఈ చివరి స్కాన్ జారిపోతూ ఉంటుంది. తొలి స్కాన్ ఒకచోట, కాన్పు ఇంకోచోట జరుగుతాయి, రిపోర్టులు ఏ సంచిలోనో ఉండిపోతాయి.

చికిత్సలో రెండు దారులున్నాయి. బుడిపె చిన్నదై, బిడ్డ రొమ్ము పట్టుకుని కడుపు నిండా తాగుతుంటే వేచి చూడవచ్చు. నెలల్లో అదే కుంచించుకుపోయిన సందర్భాలు నమోదై ఉన్నాయి. పాలకు అడ్డుపడుతున్నా, ఊపిరికి ఇబ్బందవుతున్నా, గడ్డ ఏమిటో అనుమానం ఉన్నా తీయాలి. కాడ సన్నగా ఉంటే కోత పది నిమిషాల పని. అసలు కష్టమంతా మత్తు డాక్టర్‌ది. నోరు నింపేసిన గడ్డ పక్క నుంచి పసికందు గొంతులోకి గొట్టం వేయడం తేలిక కాదు. అందుకే ఇది పిల్లల మత్తు వైద్యంలో అనుభవం ఉన్నచోట జరగాలి. కాడ మరీ సన్నగా ఉన్న కొందరిలో ఆ చోటు వరకే మొద్దుబార్చి తీస్తారు. అంత సన్నని కాడను చూసి ‘దారం కట్టేస్తే ఊడిపోతుంది కదా’ అనే మంత్రసాని సలహా ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉంది. ఆ కాడలో రక్తనాళం ఉంటుంది. ఊడిన ముక్క గొంతులోకి జారితే బిడ్డ ప్రాణానికే ముప్పు.

ఆపరేషన్‌కు ముందు పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ వేశారో లేదో చూస్తారు. పసివాళ్లలో రక్తం గడ్డకట్టే శక్తి తక్కువ. ఇంట్లోనో దారిలోనో కాన్పయిన బిడ్డకు ఈ ఇంజెక్షన్ పడి ఉండకపోవచ్చు, ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక చాలామంది బిడ్డలు ఒక రోజులోపే పాలు తాగుతారు.

ఎప్యులిస్‌లా కనిపించే మరికొన్ని ఉన్నాయి. నాలుక కింద నీలిరంగులో ఉబ్బిన నీటి తిత్తి అయితే అది లాలాజల గ్రంథి దారి మూసుకుపోవడం వల్ల వచ్చిన రాన్యులా. పసివాళ్లలో కొన్ని వాటంతట అవే పగిలి తగ్గుతాయి. ఎర్రని రక్తనాళాల గడ్డ పుట్టినప్పుడు లేక తర్వాతి వారాల్లో బయటపడి, కొన్ని నెలలు పెరిగి, ఆపై ఏళ్లలో తగ్గుతూ వస్తుంది. ఇబ్బంది పెడితే ప్రొప్రనొలాల్ అనే గుండె మందే దానికి పనిచేస్తుంది. పై దవడలో నల్లగా, నీలంగా కనిపిస్తూ వారం వారం పెరిగే గడ్డ విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. సాధారణంగా తొలి ఏడాదిలో వచ్చే ఆ మెలనిన్ గడ్డ చాలావరకు నిరపాయకరమే అయినా ఎముకను తొలుచుకుంటూ పోతుంది, తీశాక మళ్లీ రావచ్చు కూడా. పుట్టాక పెరగడం ఆగిందా, ఇంకా పెరుగుతోందా అన్నది అందుకే అంత ముఖ్యం.

ఇంకొకటి పన్ను. దాదాపు రెండు మూడు వేలమందిలో ఒక బిడ్డ పన్నుతోనే పుడుతుంది, ఎక్కువగా కింది ముందు పన్నుతో. పళ్లతో పుడితే మేనమామకు గండమన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది, తాతమ్మలు ఆ పన్ను వెంటనే పీకించమంటారు. వీటిలో అధిక శాతం అదనపు పళ్లు కావు, కాస్త ముందొచ్చిన అసలు పాలపళ్లే. పీకేస్తే శాశ్వత పన్ను వచ్చే ఆరేడేళ్ల వరకు ఆ చోటు ఖాళీగా ఉంటుంది. బాగా కదులుతూ ఊడి గొంతులో పడేలా ఉంటేనో, బిడ్డ నాలుక కింద పుండు చేస్తుంటేనో, తల్లి పాలివ్వలేకపోతుంటేనో తీయాలి. మేనమామ ఆయుష్షుకూ ఆ పన్నుకూ సంబంధం లేదు.

నల్గొండ నీళ్ల సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. మునుగోడు, మర్రిగూడ మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవారికి పళ్లు, చిగుళ్ల దగ్గర ఏ తేడా కనిపించినా మనసు అటే పోతుంది. 2015లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే పథకం పైలాన్‌ను చౌటుప్పల్‌లో వేసింది కూడా ఆ బాధకు గుర్తుగానే. కానీ ఫ్లోరైడ్ చెడగొట్టేది పన్ను పైపొరను, ఎముకలను, అదీ ఏళ్ల తరబడి తాగితే. చిగురు మీద బుడిపె మొలిపించే శక్తి దానికి ఉన్నట్టు ఆధారం లేదు. ఈ బుడిపెలు ఫ్లోరైడ్ సమస్య లేని చోట్లా ఇలాగే వస్తాయి.

ఊపిరి, పాలు సరిగా ఉన్నాయో లేదో ఇంట్లో ఎలా చూడాలి? పసివాళ్లు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. అందుకే నోట్లో గడ్డ ఉన్నా పడుకున్నప్పుడు బిడ్డ హాయిగా కనిపించవచ్చు, అదే బిడ్డ జలుబుతో ముక్కు మూసుకుపోతే ఒక్కసారిగా ఇబ్బందిలో పడుతుంది. నిమిషానికి ఊపిరి 60 సార్లు దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పాల విషయంలో మూత్రమే కొలత. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. పుట్టినప్పటి బరువు పది పద్నాలుగు రోజులకల్లా తిరిగి రావాలి. గడ్డ వల్ల రొమ్ము పట్టలేకపోతే తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో మెల్లగా పోయాలి. సీసా అలవాటు చేయొద్దు. ‘అమ్మా, పాప గుటక వేస్తోందా? పాలు ముక్కులోంచి వస్తున్నాయా?’ అని నర్సు అడిగే ప్రశ్నకు ఎంతో విలువ ఉంది.

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆమె వచ్చినప్పుడు బిడ్డ నోరు చూపించండి, ఊరివాళ్లు ఏమంటారోనని దాచొద్దు. బిడ్డ ఏడ్చేటప్పుడు కిటికీ వెలుతురులో ఫోన్‌తో తీసిన ఒక స్పష్టమైన ఫొటో పెద్దాస్పత్రిలోని డాక్టర్‌కు చాలా సంగతులు చెబుతుంది. వారానికొకటి తీసి ఉంచితే గడ్డ పెరుగుతోందో లేదో తెలుస్తుంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాక పిల్లల డాక్టర్ దగ్గరికి దూరం తగ్గింది. పిల్లల సర్జన్, పిల్లల మత్తు డాక్టర్ ఇద్దరూ కావాలంటే చాలాసార్లు ఇంకా హైదరాబాదే, అక్కడి నిలోఫర్ పిల్లల ఆస్పత్రే. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా అది దాదాపు 100 కిలోమీటర్లు, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుంచి ఇంకా ఎక్కువ. బయల్దేరే ముందు పాలు పట్టాలి. దారంతా బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి వెచ్చగా ఉంచాలి. ఊపిరి ఇబ్బంది ఉన్న బిడ్డను ఆటోలోనో కారులోనో తీసుకెళ్లొద్దు, ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్ కావాలి.

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో జబ్బుపడిన శిశువుకు చికిత్స, మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. తొలుత 30 రోజుల వరకే ఉన్న ఈ హక్కును తర్వాత ఏడాది వయసు వరకు పెంచారు. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అన్నది ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. అప్పు కోసం తిరగడం ఆ తర్వాతి మాట.

చివరి నెలల స్కాన్‌లోనే నోరు, గొంతు నింపేసిన పెద్ద గడ్డ కనిపిస్తే లెక్క వేరు. అంగిలి నుంచి పుట్టే టెరటోమా అనే అరుదైన గడ్డలో వెంట్రుకలు, ఎముక, కొవ్వు అన్నీ కలగలిసి ఉండవచ్చు. అలాంటి బిడ్డ కాన్పు ఊరి దగ్గరి ఆస్పత్రిలో జరగకూడదు. సిజేరియన్ చేసి, బొడ్డుతాడు కోయకుండా, మావి నుంచి బిడ్డకు రక్తం అందుతున్న ఆ కొద్ది నిమిషాల్లోనే ఊపిరి గొట్టం వేసే పద్ధతి ఒకటుంది. దానికి కాన్పు డాక్టర్, పిల్లల డాక్టర్, సర్జన్, మత్తు డాక్టర్ అంతా ఒకేచోట సిద్ధంగా ఉండాలి. పుట్టింట్లోనే తొలి కాన్పు జరగాలన్న ఆచారాన్ని ఇలాంటప్పుడు పక్కన పెట్టమని అత్తమామలకు, తల్లిదండ్రులకు డాక్టరే కూర్చోబెట్టి చెప్పాలి.

తీసిన గడ్డను ముక్క పరీక్షకు పంపుతారు. ‘బయాప్సీ’ అనగానే క్యాన్సరే అనుకుని కొందరు రిపోర్టు తీసుకోవడానికే భయపడతారు, బిడ్డ బాగానే ఉంది కదా అని మరికొందరు వదిలేస్తారు. గడ్డ ఫలానాదని ఖాయంగా చెప్పేది ఆ కాగితం ఒక్కటే. వారం పది రోజుల్లో వచ్చే ఆ రిపోర్టును తీసుకుని, డిశ్చార్జి కాగితంతో కలిపి టీకాల కార్డులో పెట్టుకోవాలి. ఆరేడు నెలలకు పళ్లు రావడం మొదలయ్యాక ఒకసారి పళ్ల డాక్టర్‌కు చూపించి, గడ్డ ఏ చోట ఉండేదో ఆ కాగితం తీసి చెప్పాలి. అక్కడి పాలపన్ను సాధారణంగా మిగతా వాటిలాగే వస్తుంది.